ఇంటి దగ్గర కయోటీ తిరుగుతోంది, పట్టించి దూరంగా వదిలేయించవచ్చా?

మీరు కొత్తగా కొన్న ఇంటి డ్రైవ్‌వేలో పొద్దున్నే కయోటీ (తోడేలు జాతికి దగ్గరి, దానికన్నా చిన్నదైన అడవి జంతువు) కనిపించిందని, ఇంట్లో నాలుగేళ్ల పాప, ఒక చిన్న కుక్క ఉన్నందున దాన్ని పట్టించి ఎక్కడైనా దూరంగా వదిలేయించే దారి ఉందా అని అడిగారు. మేం చికాగోకి పడమటి సబర్బ్‌లో తొమ్మిదేళ్లుగా ఉంటున్నాం. ఇంటి వెనక వాన నీళ్లు నిలిచే చెరువు, దాని చుట్టూ నడుం ఎత్తు గడ్డి, ఆ పైన రైలు పట్టాలు ఉన్నాయి. ఇవన్నీ కయోటీలు రాకపోకలు సాగించే దారులని ఇల్లు కొన్నాకే తెలిసింది. మీరు అడిగిన ప్రశ్నే మొదటి ఏడాది నేనూ చాలామందిని అడిగాను. ఇప్పుడు నన్నడిగితే, పట్టించే ఆలోచన వదిలేయండి అంటాను. మనిషంటే దానికున్న భయం పోకుండా చూసుకుంటే చాలు.

ముందు నాకు జరిగింది చెప్తాను. ఆ ఏడాది ఏప్రిల్ చివర్లో, ఉదయం ఆరున్నరకి కుక్కను తీసుకుని చెరువు పక్కన నడుస్తున్నాను. మాది ఐదు కిలోల కుక్క. చేతిలో ఉన్నది బటన్ నొక్కితే పొడవు సాగే లీష్, అంటే కుక్కను పట్టుకునే తాడు. పది గజాల దూరంలో గడ్డిలోంచి ఒక కయోటీ బయటికి వచ్చి నిలబడింది. పసుపు కళ్లు, సన్నటి మూతి, కిందికి వేలాడే తోక, ఆ తోక చివర నలుపు. నేను వెనక్కి తిరిగి గబగబా నడిచాను. అదీ నడిచింది. కుక్కను ఎత్తుకుని పరిగెత్తాను. మా వీధి మలుపు దాకా వెంట వచ్చి అక్కడ ఆగిపోయింది. ఇంట్లోకి వచ్చాక కూడా చాలాసేపు నా చేతులు వణుకుతూనే ఉన్నాయి. వారం రోజులు ఆ దారి వైపు వెళ్లలేదు.

అది మమ్మల్ని వేటాడిందనే అనుకున్నాను. కొన్నాళ్ల తర్వాత ఆ చెరువు గట్టు మీదే కయోటీ పిల్లలు ఆడుతుంటే దూరం నుంచి చూశాను, అప్పుడు విషయం అర్థమైంది. కయోటీలు జనవరి, మార్చి మధ్య జతకడతాయి. రెండు నెలలు మోసి ఏప్రిల్, మే నెలల్లో పిల్లల్ని కంటాయి. ఆ రోజుల్లో బొరియ దగ్గరికి కుక్క వస్తే దాన్ని తమ పిల్లలకు హాని చేసే మరో కయోటీలాగే చూస్తాయి. హద్దు దాటేదాకా వెంట వచ్చి సాగనంపుతాయి. నాకు జరిగింది అదే. నా తప్పల్లా వీపు చూపించి పరిగెత్తడం. పరిగెత్తే దాన్ని తరమడం ఏ వేట జంతువుకైనా సహజం.

ఇవి దారి తప్పి మన వీధుల్లోకి వచ్చాయని చాలామంది అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. ఒకప్పుడు ఇవి అమెరికాలో పడమటి గడ్డిమైదానాల్లో, ఎడారుల్లో ఉండేవి. తోడేళ్లను, ప్యూమాలనే పెద్ద అడవి పిల్లులను మనుషులు చాలా చోట్ల లేకుండా చేశాక, అడవులు కొట్టి పొలాలు చేశాక, వీటికి ఎదురు లేకుండా పోయింది. ఇప్పుడు హవాయి తప్ప అన్ని రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. 2007లో ఒకటి నడి చికాగోలో శాండ్‌విచ్ షాపులోకి వెళ్లి కూల్‌డ్రింకుల ఫ్రిజ్‌లో కూర్చుంది. ఇక్కడి కుక్ కౌంటీలో ఒహాయో స్టేట్ యూనివర్సిటీకి చెందిన స్టాన్లీ గెర్ట్ బృందం 2000 నుంచి వందల కయోటీలకు అవి ఎక్కడున్నాయో తెలిపే రేడియో కాలర్లు (మెడ పట్టీలు) కట్టి గమనిస్తోంది. జనం ఎక్కువగా ఉండే చోట అవి పగటి తిరుగుడు తగ్గించి రాత్రి పూట తిరుగుతాయని వాళ్ల పరిశీలనలో తేలింది. అవి విసర్జించిన మలాన్ని పరీక్షిస్తే ఎక్కువగా కనిపించినవి ఎలుకల్లాంటి చిన్న జంతువులు, ఆ తర్వాత పండ్లు, జింక మాంసం, కుందేళ్లు. పిల్లులు చాలా అరుదు. కెనడా బాతుల గుడ్లు కూడా తింటాయి. మా చెరువు దగ్గర మితిమీరిపోయిన ఆ బాతుల గొడవ తెలిసినవాళ్లకి ఇది చిన్న సాయం కాదు.

రాత్రిళ్లు ఊళలు వింటే పెద్ద గుంపు ఉందనిపించి నిద్ర పట్టదు. అంబులెన్స్ సైరన్ మోగితే చాలు మొదలుపెడతాయి. నిజానికి రెండే రెండు కయోటీలు గొంతులు మార్చి మార్చి అరిచినా డజను ఉన్నట్టు వినిపిస్తుంది. ఒంటి మీద జుట్టు ఒత్తుగా ఉంటుంది కాబట్టి చలికాలంలో చూస్తే తోడేలంత ఉందనిపిస్తుంది కానీ, సాధారణంగా పది నుంచి ఇరవై కిలోల మధ్యే ఉంటాయి. జుట్టు ఊడిపోయి, చర్మం గట్టిపడి, పగటిపూట నీరసంగా తిరిగేది కనిపిస్తే అది చాలావరకు గజ్జి పట్టిన కయోటీ. ఒంట్లో శక్తి లేక ఎండ కోసం బయటికి వస్తుంది.

ఇక పట్టించే సంగతి. మా ఇల్లినాయి రాష్ట్రంలో ప్రభుత్వ అనుమతి లేకుండా వాటిని పట్టి వేరే చోట వదలకూడదు. మీ రాష్ట్రంలో రూలేమిటో కనుక్కోండి. అనుమతి దొరికినా లాభం లేదు. కొత్త చోట వదిలినవి అక్కడ నిలవవు. పాత చోటికి దారి వెతుక్కుంటూ రోడ్లు దాటుతూ చచ్చిపోతాయి. చికాగో చుట్టుపక్కల ఎక్కువ కయోటీలు చనిపోయేది వాహనాల కిందే. ఇటు ఖాళీ అయిన చోటుకి ఇంకొకటి వస్తుంది. మీకు ఇప్పుడు కనిపిస్తున్నది మనుషులకు దూరంగా ఉండే రకమైతే, దాని స్థానంలో వచ్చేది ఎలా ఉంటుందో తెలియదు.

ఇది నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. మూడో ఏడాది మా వెనక వీధిలో ఒకాయన పక్షులకు ఫీడర్ పెట్టి, వీధి పిల్లులకు డెక్ (ఇంటి వెనక చెక్క అరుగు) మీద తిండి పెట్టేవాడు. గింజల కోసం ఎలుకలు, వాటి కోసం కయోటీ. కొన్నాళ్లకి అది నేరుగా పిల్లుల గిన్నె దగ్గరికే రావడం మొదలుపెట్టింది. ఆయనకి ముద్దనిపించి మాంసం ముక్కలు కూడా వేశాడు. ఆరు నెలలు తిరక్కుండానే పట్టపగలు ఎవరు ఎదురొచ్చినా కదిలేది కాదు. ఒక సాయంత్రం ఆడుకుంటున్న పిల్లల దగ్గరికి వచ్చి నిలబడింది. ఎవర్నీ కరవలేదు. కానీ ఫిర్యాదు వెళ్లింది, వచ్చినవాళ్లు దాన్ని చంపేశారు. ఎదురు తిరిగి మీదికి రావడం అది ఎప్పుడూ చేయలేదు. మనిషి చేతిలో తిండి ఉంటుందని మాత్రమే నేర్చుకుంది. ఆ సాయంత్రం ఇప్పటికీ నా మనసులో ముల్లులా ఉంది, ఎందుకంటే ఆయన పెడుతున్నాడని మా అందరికీ తెలుసు, ఒక్కళ్లం కూడా వెళ్లి చెప్పలేదు.

కాబట్టి మీరు ఈ వారమే చేయాల్సిన మొదటి పని మీ వీధిలో ఎవరైనా తిండి పెడుతున్నారేమో కనుక్కోవడం. ఉంటే మర్యాదగా వెళ్లి మాట్లాడండి. మీ బ్యాక్‌యార్డ్‌లో కుక్క గిన్నె, రాలిన పండ్లు, మూతలేని ట్రాష్ ఉంచకండి. ఫీడర్ ఉంటే కొన్ని నెలలు తీసేయండి.

కుక్కను ఒంటరిగా, ముఖ్యంగా చీకటి పడ్డాక, బ్యాక్‌యార్డ్‌లో వదలొద్దు. ఐదు నిమిషాలే కదా అని కూడా వదలొద్దు. చిన్న కుక్కల విషయంలో ప్రమాదం నిజమే, దాన్ని నేను తగ్గించి చెప్పను. సాగే లీష్ మానేసి ఆరడుగుల మామూలు లీష్ వాడండి. ఫెన్స్ ఆరడుగులు ఉండి, అడుగున తవ్వి దూరకుండా ఉంటే మేలు. ఎక్కబోతే పట్టు దొరక్కుండా తిరిగే రోలర్ ఫెన్స్ పైన పెడితే ఇంకా మంచిది.

ఎదురుపడితే పరిగెత్తకండి, వీపు చూపకండి. కుక్కను ఎత్తుకుని, చేతులు పైకి లేపి, గట్టిగా అరవండి. నేను జేబులో విజిల్ పెట్టుకుంటాను. అది వెళ్లిపోయేదాకా ఆపొద్దు. సగంలో మనం వెళ్లిపోతే ఆ అరుపులకి అర్థం లేదని నేర్చుకుంటుంది. ఒక్క మినహాయింపు, వసంతంలో బొరియ దగ్గరైతే తరమొద్దు. దాన్నే చూస్తూ మెల్లగా వెనక్కి నడిచి, దాని పిల్లలు పెద్దయ్యేదాకా ఆ దారి మానేయండి.

పాప గురించి మీ భయం నాకు బాగా తెలుసు, మా వాడికి అప్పుడు ఐదేళ్లు. అమెరికా, కెనడాల్లో కయోటీ దాడిలో మనిషి చనిపోయినట్టు నమోదైనవి రెండే సంఘటనలు, 1981లో కాలిఫోర్నియాలో ఒక చిన్న పాప, 2009లో కెనడాలోని నోవా స్కోషియాలో ఒక యువతి. అరుదని మనసుకి చెప్పుకున్నా, పసిపిల్లల్ని బయట ఒంటరిగా ఉంచకూడదు. మేం మా వాడికి ఆటలాగా నేర్పించాం. నేను కయోటీలా నటిస్తే, వాడు కదలకుండా నిలబడి చేతులెత్తి "పో!" అని అరిచేవాడు. రెండేళ్ల తర్వాత ఒక అక్టోబరు సాయంత్రం, పిల్ల కయోటీలు తల్లిని వదిలి కొత్త చోట్లు వెతుక్కునే కాలం, మా డ్రైవ్‌వేలోకి ఒకటి వచ్చింది. నేను గరాజ్‌లోంచి బయటికి వచ్చేలోపే వాడు అక్కడే నిలబడి చేతులెత్తి అరిచాడు. అది గిరుక్కున తిరిగి పొదల్లోకి వెళ్లిపోయింది. వాడు నా వైపు చూసి, "మళ్లీ అరవనా నాన్నా?" అని అడిగాడు. అరవమన్నాను.