పాత కాలువల పరిరక్షణకు సివిల్ చదువు సరిపోతుందా?

ప్రశ్న: సివిల్ ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. పాత కాలువలు, లాకులు (నీటి మట్టం మార్చి పడవలను దాటించే తలుపుల కట్టడాలు), అక్విడక్టులను (కాలువను లోయ మీదుగానో నది మీదుగానో దాటించే వంతెనలు) కాపాడే పనిలోకి వెళ్లాలని ఉంది. దీనికోసం మళ్లీ ఆర్కిటెక్చర్ చదవాలా? ఉద్యోగాలు ఉంటాయా అని ఇంట్లో టెన్షన్ పడుతున్నారు.

జవాబు: మళ్లీ మొదటి నుంచి చదవక్కర్లేదు. ఈ పనికి సివిల్ వాళ్లు చాలా అవసరం. కాలువ కట్టడం నీటితో కలిసి నిలబడుతుంది. లాకు గోడల వెనకున్న మట్టి వాటిని ఎప్పుడూ లోపలికి నెడుతుంటే, లోపలి నీరు ఆ ఒత్తిడిని కొంత కాస్తుంది. మరమ్మతుకని నీళ్లు తోడేస్తే గోడ ఒరగవచ్చు. చాలా పాత కాలువల్లో నీరు ఇంకిపోకుండా బంకమట్టిని తడిపి, తొక్కి, పొరలుగా పరిచారు. అది ఎండితే బీటలు వారుతుంది, ఆ తర్వాత నీళ్లు వదిలినా నిలవవు.

మీరు కొత్తగా నేర్చుకోవాల్సింది సున్నం పని. పాత ఇటుక గోడకు సిమెంటు పూస్తే మొదట్లో బాగానే ఉంటుంది. కానీ లోపలి తేమ బయటికి పోలేక కొన్నేళ్లకు ఇటుకలే పెచ్చులూడతాయి. బాగా చదువుకున్న ఇంజనీర్లే తెలియక ఇలా చేస్తుంటే బాధేస్తుంది. గానుగ సున్నం కలపడం తెలిసిన మేస్త్రీ దొరికితే సెలవుల్లో ఆయన దగ్గర పని నేర్చుకోండి, సర్టిఫికెట్ రాకపోయినా సరే.

పీజీకి పోర్చుగల్‌లోని మిన్హో విశ్వవిద్యాలయం మరికొన్ని యూరప్ విశ్వవిద్యాలయాలతో కలిసి నడిపే చారిత్రక కట్టడాల విశ్లేషణ కోర్సు చూడండి. అందులో సివిల్ వాళ్లు చేరవచ్చు.

ఉద్యోగాల విషయానికొస్తే, పరిరక్షణ ఇంజనీర్ అనే పేరుతో వచ్చే పోస్టులు తక్కువే. వేల్స్‌లో 1805లో పూర్తయిన పాంట్‌కసల్టె అక్విడక్టు పోత ఇనుప తొట్టిలో నేటికీ పడవలు తిరుగుతున్నాయి. అలా తిరగాలంటే తనిఖీలు, చిన్న చిన్న మరమ్మతులు ఆగకుండా సాగాలి. జీతం వచ్చే పని ఎక్కువగా అదే. దాన్ని జలవనరుల శాఖలు, కాలువల ట్రస్టులు, కన్సల్టెన్సీలు చేయిస్తాయి. మొదట మామూలు వంతెనల తనిఖీలో చేరినా ఆ అనుభవం పనికొస్తుంది.

ఫైనలియర్ ప్రాజెక్టుకు అనుమతి తీసుకుని ఒక పాత లాకునో తూమునో ఎంచుకోండి. కొలతలు తీసి డ్రాయింగులు గీయండి. ప్రతి పగులునూ గుర్తించి, కొన్ని నెలలపాటు అది పెరుగుతోందో లేదో నమోదు చేయండి. ఇంటర్వ్యూకు ఆ ఫైలు వెంట తీసుకెళ్లండి, ఇంట్లో వాళ్లకూ చూపించండి.