తీర్థానికి అసలు అర్థం రేవు

సందేహం: మాది తిరుపతి. కపిలతీర్థానికి నడిచి వెళ్ళేంత దూరంలో ఉంటాం. మా అమ్మాయిని కోనసీమలో ఇచ్చాం. "కనుమ నాడు మా ఊరి తీర్థానికి తప్పకుండా రండి వదినగారూ" అని వియ్యపురాలు ఫోను చేస్తే, ఏదో పుణ్యస్నానమనుకుని పొడిబట్టలు సంచిలో సర్దుకుని వెళ్ళాను. తీరా చూస్తే అది మన వైపు తిరునాళ్ళలాంటిది. గుడిలో అర్చకులు చేతిలో పోసేదీ తీర్థమే, మా ఇంటి దగ్గరి జలపాతమూ తీర్థమే. మరి తిరునాళ్ళ కూడా తీర్థమేనా? ఫలానా నాయకుడు ఫలానా పార్టీ తీర్థం పుచ్చుకున్నారని పత్రికల్లో రాస్తారు. మా మనవడి పాఠంలో సతీర్థ్యుడు అంటే కలిసి చదువుకున్నవాడు అని ఉంది. ఇవన్నీ ఒకే మాటా? తీర్పు, తీర్చడం కూడా దీనికి చుట్టాలేనా?
— ఒక పాఠకురాలు, తిరుపతి

సమాధానం: అమ్మా, తీర్పు, తీర్చు, తీరు అనేవి దీనికి చుట్టాలు కావు. అవి అచ్చమైన ద్రావిడ పదాలు. మన జిల్లా సరిహద్దు దాటితే తమిళంలోనూ తీర్, తీర్ప్పు అని వినిపిస్తాయి. తీర్థం సంస్కృతం. మొదటి అక్షరం కలిసినంత మాత్రాన చుట్టరికం కలపలేం. మీరు చెప్పిన తక్కినవన్నీ మాత్రం ఒకే మాట.

సంస్కృతంలో తౄ అనే ధాతువుకు దాటడం అని అర్థం. దానికి థక్ అనే ప్రత్యయం చేరి తీర్థం అయింది. మాటల పుట్టుక చెప్పే ఉణాది వ్యాకరణ సూత్రాల్లో ఒకటి ఆరు ధాతువులకు ఈ ప్రత్యయాన్ని విధిస్తుంది. మందుల దుకాణాల్లోనూ పొలాల్లోనూ వినిపించే మైలుతుత్తంలోని తుత్థం కూడా ఆ ఆరింటిలో ఒక ధాతువుకు పుట్టినదే. తీర్థమంటే దేనివల్ల దాటుతామో, ఎక్కడ దాటుతామో అది. తెలుగులో దానికి సరిగ్గా సరిపోయే మాట రేవు.

నదికి ఒడ్డు పొడవునా ఉన్నా ఎక్కడ పడితే అక్కడ దిగలేం. ఒడ్డు వాలుగా ఉండాలి, కింద నేల గట్టిగా ఉండాలి, లోతు మనిషికి అందాలి. అలాంటి చోటు ఏ ఊరికైనా ఒకటో రెండో ఉంటాయి. పశువులను తోలుకుపోయేవారు, బరువు మోసేవారు, బిడ్డను చంకనెత్తుకున్న తల్లి, అందరూ అక్కడే దిగాలి, అక్కడే దాటాలి. ఋగ్వేదం నాటినుంచీ ఈ మాటకు ఉన్న అర్థం ఇదే. మన తిరుపతిలో ఈ అర్థం మరుగునపడటం సహజం. స్వర్ణముఖిలో ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే కనిపిస్తుంది. దాటడానికి రేవు వెతుక్కోవలసిన అవసరం ఇక్కడివారికి ఎప్పుడో గానీ రాదు. ఇక్కడ నీరంటే కోనేరు, గుండం, కొండమీద నుంచి దూకే ధార. అందుకే తీర్థమనగానే మన మనసు నీటి మీదికి పోతుంది, నీళ్ళలోకి దిగే దారి మీదికి పోదు.

నేను చదువుకునే రోజుల్లో మా గురువుగారు ఒక కార్తికంలో మమ్మల్ని కపిలతీర్థానికి తీసుకువెళ్ళారు. వానలు బాగా కురిసిన ఏడు, జలపాతం హోరులో మాట వినబడటం లేదు. "ఇక్కడ తీర్థం ఏది?" అని ఆయన గట్టిగా అడిగారు. అందరం ధార వైపు చేయి చూపాం. ఆయన మేం కూర్చున్న మెట్టు మీద అరచేత్తో తట్టారు. అంతకుముందు నిఘంటువులో ఎన్నిసార్లు చూసినా ఎక్కని అర్థం ఆ తట్టుతో ఎక్కింది.

మేదినీకోశం తీర్థానికి ఇచ్చిన అర్థాల వరుసలో అవతారం అని కూడా ఉంది. చాలామంది దాన్ని దశావతారాల అవతారమనుకుని తికమక పడతారు. అక్కడ అవతారమంటే నీళ్ళలోకి దిగే చోటు, మెట్లదారి. అవతారం కూడా తౄ ధాతువు నుంచి వచ్చినదే, 'అవ' చేరి కిందికి దిగడం అయింది. పైకెక్కి దాటితే ఉత్తీర్ణత. పిల్లలు పరీక్షలో ఉత్తీర్ణులయ్యారంటే మునగకుండా ఒడ్డెక్కారని. తరించడం కూడా ఇదే ఇంటిది. కొండమీది దేవుణ్ణి అవతారమని కొలిచి, కొండ కింద తీర్థంలో మునిగి, తరించామని చెప్పుకునే తిరుపతివారు ఒక్క ధాతువునే మూడుసార్లు పలుకుతున్నారు.

అమరకోశం మరీ పొదుపుగా నాలుగు అర్థాలు చెప్పింది: నిపానం, ఆగమం, ఋషిజుష్టమైన జలం, గురువు. ఈ వరుసను గమనించండి. నిపానమంటే పశువులు నీళ్ళు తాగే తావు, బావి దగ్గరి తొట్టి. అమరసింహుడు తొలి పేరు దానికిచ్చి, ఋషులు సేవించిన నీటిని మూడోదిగా చెప్పాడు. ఈ మాటలోని పవిత్రత దాహం తీరే చోటి నుంచి మొదలైందని నాకు అనిపిస్తుంది. రేవు దగ్గర జనం ఆగుతారు, ఆగిన చోట ఋషి నివాసం ఏర్పడుతుంది, ఋషి స్నానం చేసిన నీరు పుణ్యజలమవుతుంది. ఇలా చోటికి ఉన్న పేరు నీటికి వచ్చింది.

గురువుకు ఈ పేరెలా వచ్చిందో ఇప్పుడు వివరించనక్కరలేదు. దాటించేవాడు కనుక ఆయన తీర్థం. మీ మనవడి పాఠంలోని సతీర్థ్యుడు ఇక్కడివాడే. 'సమానతీర్థే వాసీ' అని పాణిని సూత్రం. ఒకే తీర్థంలో, అంటే ఒకే గురువు దగ్గర వసించేవాడు సతీర్థ్యుడు. సమాన అనే మాట ఇక్కడ స-గా మారుతుంది. సహాధ్యాయి అంటే కలిసి చదివినవాడు, సహపాఠి కూడా అంతే. సతీర్థ్యుడికి కలిసి చదవాలన్న నియమం లేదు. పదేళ్ళ తేడాతో చదివినా గురువు ఒకరే అయితే చాలు. మనవడికి ఈ తేడా చెప్పండి. ఇంత మంచి మాట సహాధ్యాయికి మారుపేరుగా మిగిలిపోకూడదు.

పతంజలి మహాభాష్యంలో తీర్థకాకం అనే మాటను వివరిస్తాడు. రేవులో వాలిన కాకులు ఎక్కువసేపు నిలవవు. గురుకులానికి వెళ్ళి అక్కడ నిలవనివాణ్ణి అలా అంటారట. రేవునూ గురుకులాన్నీ ఒకే పోలికలో పెట్టాడంటే, రెండు వేల ఏళ్ళ కిందటి మనిషికి ఈ రెండు అర్థాలూ ఒకదాని పక్కన ఒకటి కనిపిస్తూ ఉండేవన్నమాట.

మధ్వ సంప్రదాయ యతుల పేర్ల చివర తీర్థ ఉండేది కూడా ఈ అర్థం వల్లనే. మధ్వాచార్యులు ఆనందతీర్థులు, వారి గ్రంథాలకు టీకలు రాసినవారు జయతీర్థులు, మన చంద్రగిరితోనూ తిరుమలతోనూ అనుబంధం ఉన్నవారు వ్యాసతీర్థులు. శంకర సంప్రదాయంలోని దశనామి సన్యాసుల పేర్లలోనూ తీర్థ ఒకటి. సంసారం దాటడానికి రేవు కట్టినవారు కనుక జైనులు తమ 24 మంది మహాత్ములను తీర్థంకరులన్నారు.

రాజనీతిలో ఈ మాట మరో దారి పట్టింది. మంత్రి, పురోహితుడు, సేనాపతి, యువరాజు మొదలైన 18 మంది ముఖ్యాధికారులను తీర్థాలు అన్నారు. శత్రువు పక్షంలోని 18 తీర్థాలనూ, నీ పక్షంలోని 15 తీర్థాలనూ చారుల ద్వారా కనిపెడుతున్నావా అని భారతంలో నారదుడు ధర్మరాజును అడుగుతాడు. రాజ్యంలోకి దిగాలంటే ఆ అధికారులే దారులు మరి. ఇది ఎక్కడో కౌటిల్యుడి అర్థశాస్త్రంలో మిగిలిపోయిన విడ్డూరం అనుకోకండి. చిత్తూరు దాటి వేలూరు వైపు బస్సులో వెళ్ళేటప్పుడు ప్రభుత్వ కార్యాలయాల బోర్డులు చూస్తే, శాఖ అనడానికి తమిళులు తుఱై అని రాసుకుంటారు. తుఱై అంటే రేవే! ఆ భాషలోనూ నీటిరేవు పేరే ప్రభుత్వ శాఖకూ వచ్చింది. ఈ పోలికను చూపినప్పుడు రెండు భాషలూ వచ్చిన మన జిల్లా పిల్లల ముఖాలు వెలిగిపోవడం నేను చూశాను.

అరచేతిలో కూడా తీర్థాలున్నాయి. బొటనవేలి మొదట బ్రహ్మతీర్థం, చిటికెనవేలి మొదట ప్రాజాపత్యం, వేళ్ళ కొసల్లో దైవం, బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ పితృతీర్థం. తర్పణం చేసేటప్పుడు పెద్దలకు బొటనవేలి పక్కనుంచి నీరు వదలమనేది అందుకే. ఇక్కడా తీర్థమంటే నీరు కాదు, నీరు జారే దారి. కన్నడంలోనూ మరాఠీలోనూ తండ్రికి ఉత్తరం రాస్తే తీర్థరూపులని సంబోధించే మర్యాద ఉంది. కుప్పం, పలమనేరు వైపు కన్నడం తెలిసినవారికి ఇది పరిచయమే.

ఇక గుడిలో పోసే తీర్థం. అర్చకులు అది ఇస్తూ చదివే శ్లోకం గుర్తు చేసుకోండి. "అకాలమృత్యుహరణం" అని మొదలై చివరికి "పాదోదకం పావనం శుభం" అంటుంది. శ్లోకంలో ఉన్న మాట పాదోదకం, స్వామి పాదాలు కడిగిన నీరు. దాన్ని తీర్థమనడం వ్యవహారం. పుణ్యతీర్థం నుంచి తెచ్చిన నీటితో అభిషేకం జరగడం వల్ల చోటి పేరు ఆ నీటికీ, నీటి పేరు మన అరచేతిలోని మూడు చుక్కలకూ దక్కింది. తిరుమలలో ఈ మార్పు ఇప్పటికీ కంటికి కనిపిస్తుంది. ఆకాశగంగ ఒక తీర్థం. అక్కడి నీరు స్వామి సేవకు వస్తుంది. తిరుమలనంబి ఆ నీటిని మోసిన కథ మీకు తెలిసిందే. సన్నిధికి చేరిన నీరు మనకు తీర్థమై అందుతుంది. శంఖంలో పోస్తేగానీ తీర్థం కాదన్న సామెత ఈ కొత్త అర్థం పుట్టాక వచ్చినది. రేవును ఎవరూ శంఖంలో పోయలేరు కదా.

ఈ తీర్థానికి తెలుగువాళ్ళు ప్రత్యేకంగా ఒక క్రియను కేటాయించారు. మంచినీళ్ళు తాగుతాం, మందు వేసుకుంటాం, తీర్థం పుచ్చుకుంటాం. కుడిచేయి గోకర్ణంలా వంచి, ఎడమచేయి కింద పట్టి, ఒక్క బొట్టూ కింద పడకుండా అందుకోవడం ఆ ఒక్క మాటలో ఉంది. పత్రికలవారు పార్టీ తీర్థం అన్నప్పుడు ఈ పుచ్చుకోవడాన్నే అరువు తెచ్చుకున్నారు. వ్యాకరణం ప్రకారం అందులో తప్పు లేదు. దీక్ష తీసుకున్నట్టు చేరారని మొదట ఎవరు రాశారో కానీ, ఆ రోజు అది చక్కని పోలికే. రోజూ రాసేసరికి అరిగిపోయింది. చేరారు అంటే సరిపోయే చోట చేరారు అనే రాయాలని నా మనవి. మద్యానికి తీర్థమనే పేరు పెట్టి నవ్వుకోవడం మాత్రం నాకు బాధ కలిగిస్తుంది. ప్రాణం పోయేవేళ నోట్లో పోసే తులసితీర్థం కూడా ఈ మాటే.

మీ కోనసీమ తీర్థం సంగతి చివరికి ఉంచాను. దానికి సాక్ష్యం మీ పక్కనే, తిరుచానూరులో ఉంది. కార్తిక బ్రహ్మోత్సవాల చివరి రోజు, శుద్ధ పంచమి నాడు, పద్మసరోవరంలో చక్రస్నానం జరిగే వేళ వేలమంది మునుగుతారు. ఆ ఉత్సవాన్ని ఏమంటాం? పంచమి తీర్థం. పంచమీ తీర్థానికి పోయివచ్చాం అన్నప్పుడు మన మనసులో ఉన్నది సరోవరం కాదు, ఆ రోజు, ఆ జనం, ఆ సందడి. తిరుమల అడవుల్లో పుష్య పూర్ణిమకు రామకృష్ణతీర్థ ముక్కోటి, ఫాల్గుణ పూర్ణిమకు తుంబురుతీర్థ ముక్కోటి జరుగుతాయి. చోటు, స్నానం, ఉత్సవం మూడూ అక్కడ ఒక్క పేరులో కలిసే ఉన్నాయి. గోదావరి జిల్లాల్లోనూ ఉత్తరాంధ్రలోనూ ఈ ప్రయాణం ఇంకో అడుగు ముందుకు వేసింది. స్నానం ఉన్నా లేకపోయినా దేవుడి పేరిట జనం కూడి, దుకాణాలు వెలిస్తే అది తీర్థం. మన వైపు తిరునాళ్ళ అనీ జాతర అనీ వేరే మాటలు ఉండటంతో తీర్థానికి ఆ పని పడలేదు. అంతే తేడా.

కనుమ నాడని రాశారు కనుక మీరు చూసినది జగ్గన్నతోట ప్రభల తీర్థమే అయి ఉండవచ్చు. 11 ఊళ్ళ రుద్రులు ప్రభల మీద, అంటే వెదురుతో కట్టి అలంకరించిన ఎత్తైన చట్రాల మీద, అక్కడికి చేరుతారు. గంగలకుర్రు వైపు ప్రభలను భుజాల మీద మోస్తూ కౌశిక అనే కాలువ నీళ్ళలోకి దిగి, తడవకుండా అవతలి గట్టుకు చేరుస్తారు. ఆ తీర్థానికి పేరు అందువల్ల వచ్చిందని నేను అనను. కానీ నీళ్ళలో దిగి దాటడమనే పాత అర్థాన్ని కళ్ళారా చూడాలంటే వచ్చే కనుమకు ఆ గట్టు మీద నిలబడండి. వియ్యపురాలినీ అడిగి చూడండి, అక్కడివారికి రేవు అనేది ఇప్పటికీ ఇంటి మాటే.

మీ ఉత్తరంలో ఒకచోట తీర్ధం అని ధ-తో రాశారు. మా వీధిలోని రెండు దుకాణాల బోర్డుల మీదా అలాగే ఉంది. అర్థానికి థ రాస్తే భావం, ధ రాస్తే సగం. అక్కడ రెండూ మాటలే. తీర్థానికి ఆ వెసులుబాటు లేదు. ధ రాస్తే అది ఏ మాటా కాదు. థ-కు కడుపులో చుక్క ఉండాలి.