జియోకాషింగ్ అంటే ఏంటి? మే నెలలో దాని పుట్టినరోజు ఎందుకు చేస్తారు?

ఎవరో ఒక డబ్బా దాచి దాని జీపీఎస్ లొకేషన్ ఆన్‌లైన్‌లో పెడతారు, మనం వెతికి పట్టుకుని లోపలున్న లాగ్‌బుక్‌లో పేరు, తేదీ రాసి మళ్ళీ అక్కడే పెట్టేయాలి, ఆట ఇంతే. 2000 మే 2కి ముందు ఇది కుదిరే పనే కాదు, ఎందుకంటే మామూలు జనం వాడే జీపీఎస్ సిగ్నల్‌లో అమెరికా ప్రభుత్వం కావాలనే తేడా పెట్టేది, 100 మీటర్ల దాకా అటూ ఇటూ చూపించేది, అలాంటప్పుడు డబ్బా ఏం దొరుకుతుంది చెప్పండి. ఆ రోజు ఆ తేడా తీసేశారు.

మర్నాడే, అంటే మే 3న, డేవ్ ఉల్మర్ అనే ఆయన అమెరికాలోని ఒరెగాన్‌లో బీవర్‌క్రీక్ దగ్గర ఒక నల్ల బకెట్‌ని సగం పాతిపెట్టి, అందులో పుస్తకాలు, సాఫ్ట్‌వేర్, ఒక ఉండేలు, బీన్స్ డబ్బా లాంటివి వేసి లొకేషన్ ఇంటర్నెట్‌లో పెట్టాడు, ఒకటి తీసుకుంటే ఇంకోటి పెట్టండి అన్నాడు. (ఇప్పుడైతే పాతిపెట్టడానికి రూల్స్ ఒప్పుకోవు.) ఈ ఆటలో మొదటి డబ్బా అదే, అందుకే పుట్టినరోజు మే నెలలో చేస్తారు. మూడు రోజుల్లోపే మైక్ టీగ్ అనే ఆయన దాన్ని కనిపెట్టేశాడు. సెప్టెంబర్‌లో జెరెమీ ఐరిష్ అనే ఆయన ఈ ఆట కోసం geocaching.com సైట్ ఓపెన్ చేసేసరికి ప్రపంచం మొత్తంలో ఉన్న ఇలాంటి డబ్బాలు 75 మాత్రమే! ఆ బకెట్ ఇప్పుడు లేదు గానీ అదే చోట స్మారక ఫలకం పెట్టారు, ఎక్కడెక్కడి ఆటగాళ్ళో అది చూడ్డానికే వెళ్తారు. బీన్స్ డబ్బా మాత్రం తర్వాత దొరికింది, దాన్ని ఈవెంట్లకి పట్టుకెళ్ళి చూపిస్తుంటారు, నాకైతే ఈ చరిత్ర మొత్తంలో బాగా నచ్చేది అదే.