ముగ్గురూ కలిసే వేళ తప్పనివ్వకండి

జయనగర,
బెంగళూరు.

చి. బుజ్జికి పెద్దమ్మ ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. ఏప్రిల్‌లో ఇక్కడ జరిగే పది కిలోమీటర్ల పరుగులో పాల్గొందామని మారతహళ్లి పీజీలో మీ ముగ్గురు స్నేహితురాళ్లూ నిర్ణయించుకోవడం, మొదట్లో ఉత్సాహంగా సాగిన సాధన ఇప్పుడు కుంటుపడటం, నెల్లూరు అమ్మాయికి ఉద్యోగం పోవడం, అనంతపురం అమ్మాయి ఆఫీసు నుంచి వచ్చేసరికి రాత్రి పది దాటిపోవడం, నువ్వు ఒక్కదానివే బయలుదేరాలంటే కాలు ముందుకు పడకపోవడం, అన్నీ వివరంగా రాశావు. వాళ్లను ఎలా మళ్లీ దారిలోకి తేవాలని అడిగావు. నా సలహా ఒక్కటే. పరుగు సంగతి తరువాత చూసుకోవచ్చు, ముందు మీరు ముగ్గురూ కలిసే వేళను కాపాడుకోండి. లక్ష్యాన్ని తగ్గించుకోవచ్చు, వాయిదా వేసుకోవచ్చు, మార్చుకోనూవచ్చు. కలవడం మాత్రం మానకూడదు.

లాల్‌బాగ్‌లో మాతో పాటు నడక మొదలుపెట్టిన బృందాలు ఎన్నో ఉండేవి. రోజుకు ఇన్ని చుట్లు, నెలకు ఇన్ని కిలోల బరువు అని పంతం పట్టినవి చాలావరకు ఆరంభశూరత్వంతోనే ఆగిపోయాయి. మా తెలుగు ఆడవాళ్ల బృందం ఇన్నేళ్లుగా నిలబడిందంటే, మేము దూరాన్ని లెక్కపెట్టకుండా రావడాన్ని మాత్రమే పట్టించుకున్నందువల్లనే అని నా నమ్మకం. మాలో ఒకావిడకు భర్త పోయిన తరువాత నడవడానికి ఓపిక ఉండేది కాదు. ఆమె పడమటి గేటు దాటగానే ఉన్న బెంచీ మీద చెప్పులు విప్పి, పాదాలు పైకి ముడుచుకుని, శాలువా కప్పుకుని కూర్చునేది. మేము ఒక చుట్టు తిరిగి వచ్చి ఆమె పక్కన ఆగేవాళ్లం, ఫ్లాస్కులోని కాఫీ ఒక కప్పు ఆమె చేతికిచ్చి మళ్లీ ఇంకో చుట్టుకు వెళ్లేవాళ్లం. లేచి నడవమని ఎవరూ బలవంతపెట్టలేదు, ఎందుకు నడవడం లేదని అడగనూలేదు. కొన్ని వారాలకు ఆమె తనంతట తానే చెప్పులు వేసుకుని మా వెంట సగం చుట్టు వచ్చింది. ఆ రోజులలో ఆమె ఇంటి నుంచి బయటికి రావడమే పెద్ద పని అని మాకు తెలుసు కనుక, ఆ పనికి మేము తోడున్నాం.

అందుకని మీరు చేయవలసిన మొదటి పని, రోజూ సాయంత్రం వాట్సాప్‌లో "రేపు వెళ్దామా" అని అడుగుకోవడం మానేయడం. అలా అడిగినప్పుడల్లా కాదనడానికి ఒక అవకాశం ఇచ్చినట్టవుతుంది, అలసిపోయిన మనిషి ఆ అవకాశాన్ని తప్పక వాడుకుంటుంది. వారంలో రెండు రోజులో మూడు రోజులో ముగ్గురికీ కుదిరేవి ఎంచుకుని, వేళ, చోటు స్థిరపరచుకోండి. డిసెంబరు, జనవరి నెలలలో ఇక్కడ తెల్లవారేసరికి ఆరున్నర దాటుతుంది కాబట్టి చీకట్లో ఆడపిల్లలు చెరువు గట్ల మీదికి వెళ్లవద్దు, ఏడింటికి పెట్టుకోండి. మీకు కుందలహళ్లి చెరువు దగ్గర. ఆదివారం కొంచెం ఆటవిడుపుగా ఉండాలనుకుంటే కుందలహళ్లి స్టేషన్‌లో మెట్రో పర్పుల్ లైన్ ఎక్కండి, మధ్యలో మారే పని లేకుండా కబ్బన్ పార్క్‌లో దిగవచ్చు. ఆదివారం ఆ పార్కు లోపలి రోడ్ల మీద వాహనాలు తిరగవు, నిశ్చింతగా పరిగెత్తవచ్చు.

అలవాటు కుదరడం లేదని నిరాశపడ్డావు. లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 2010లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, ఒక కొత్త పని ఆలోచించకుండా చేసే అలవాటుగా మారడానికి సగటున 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి, పనిని బట్టి అది 18 రోజుల నుంచి 254 రోజుల దాకా ఉంది. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు చెడలేదని కూడా వాళ్లు గమనించారు. ఒకరోజు రాలేకపోయిన మనిషిని మిగతా ఇద్దరూ నిలదీస్తే ఆమె మొహమాటంతో రెండో రోజు కూడా ముఖం చాటేస్తుంది. నా అనుభవంలో బృందాలు విడిపోయేది ఇక్కడే. వచ్చిన రోజున ఏమీ జరగనట్టు పలకరిస్తే సరిపోతుంది.

ఇక పరుగు. పెద్దవాళ్లకు వారానికి కనీసం 150 నిమిషాలు ఒక మోస్తరు శ్రమ కావాలని, వారంలో రెండు రోజులైనా కండరాలకు బలాన్నిచ్చే వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. ఒక మోస్తరు శ్రమ అంటే మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. ముగ్గురు స్నేహితురాళ్లకు ఇంతకన్నా మంచి కొలత దొరకదు. కబుర్లు సాగుతున్నంతసేపు వేగం సరిగ్గా ఉన్నట్టే. ఎవరి మాట తెగుతోందో చూసి వేగం తగ్గించుకోండి. మొదటి వారాలలో ఒక నిమిషం నెమ్మదిగా పరుగు, రెండు నిమిషాలు నడక చొప్పున మొత్తం ఇరవై అయిదు నిమిషాలు చాలు. ఒంటికి అలవాటైన కొద్దీ పరుగు నిమిషాలు పెంచుతూ, నడక నిమిషాలు తగ్గిస్తూ పోతే ఏప్రిల్ నాటికి పది కిలోమీటర్లు అసాధ్యమేమీ కాదు. కొత్తలో ఒకటి రెండు రోజుల పాటు పిక్కలు, తొడలు పట్టేయడం సహజం. మోకాలిలో గానీ మడమలో గానీ ఒకే చోట పొడిచినట్టు నొప్పి ఉంటే మాత్రం ఆపేయాలి. ఛాతీలో నొప్పి వచ్చినా, కళ్లు తిరిగినా ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించాలి.

నీకు మిగతా ఇద్దరికన్నా దమ్ము ఎక్కువని రాశావు. ముందుకు దూసుకుపోయి చివర నిలబడి వాళ్ల కోసం ఎదురుచూడటం తోడు కాదు, వెనకబడిన మనిషికి ఆ దృశ్యం అవమానంగా ఉంటుంది. అందరిలోకీ నెమ్మదైన మనిషి వేగమే ఆ పూట ముగ్గురి వేగం కావాలి. దీనివల్ల నీ సాధన దెబ్బతింటుందని భయపడకు, వారంలో ఒకరోజు నువ్వు ఒంటరిగా నీ వేగంతో పరిగెత్తవచ్చు. కలిసి చేయడంలో వాళ్లకు కలిగే మేలు కూడా చిన్నది కాదు. 1920లలో ఓటో కోలర్ అనే జర్మన్ మనస్తత్వవేత్త బెర్లిన్‌లో పడవ పందేల క్లబ్బు సభ్యుల చేత విడివిడిగానూ జంటగానూ బరువులు ఎత్తించి చూశాడు. జంటలో ఉన్నప్పుడు బలహీనుడు ఒంటరిగా ఎత్తినప్పటికన్నా ఎక్కువసేపు నిలబడ్డాడు. అయితే ఇద్దరి బలాల మధ్య తేడా ఓ మాదిరిగా ఉన్నప్పుడే ఆ ఫలితం బాగా కనిపించింది. తేడా మరీ ఎక్కువైతే ఆశ సన్నగిల్లుతుంది. కాబట్టి నీ బలాన్ని వాళ్లకు అందేంత దూరంలోనే ఉంచు.

బలానికి జిమ్ అక్కర్లేదు. పీజీ గదిలోని కుర్చీలో చేతులు ఆనించకుండా కూర్చుని లేవడం, గోడకు అరచేతులు ఆనించి వంగి మళ్లీ నిటారుగా రావడం, మెట్లు ఎక్కడం, ఇవి మొదలుపెట్టడానికి చాలు. ఏడాది డబ్బు ఒకేసారి కట్టించుకునే చోటికి ముగ్గురూ కలిసి వెళ్లాలన్న ఆలోచనను ఇప్పటికి పక్కన పెట్టండి. మీలో ఒకరికి జీతం ఆగిపోయిన సమయంలో డబ్బుతో ముడిపడిన ఏ కార్యక్రమమైనా ఆమెను నిశ్శబ్దంగా బయటికి నెట్టేస్తుంది.

పీజీ భోజనంలో అన్నం, నీళ్ల సాంబారు తప్ప ఏమీ ఉండదని మీ అమ్మ బాధపడింది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం కిలో శరీర బరువుకు రోజుకు దాదాపు 0.83 గ్రాముల ప్రోటీన్ కావాలి, అంటే 55 కిలోల మనిషికి 45 గ్రాములకు పైగా. ఒక గుడ్డులో ఆరు గ్రాములు ఉంటుంది. గుడ్లు, పెరుగు, నానబెట్టిన శనగలు, వేరుశనగలు ముగ్గురూ కలిసి కొనుక్కుని పంచుకోండి.

ఇంకొకటి, నాలుగు అడుగులు పరిగెత్తేసరికే అనంతపురం అమ్మాయికి ఆయాసం వస్తోందని రాశావు. అది బద్ధకమని ఎవరూ అనకండి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల మధ్య స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. ముగ్గురూ కలిసి ఒకరోజు వెళ్లి హిమోగ్లోబిన్ చూపించుకోండి. 12 గ్రాముల కన్నా తక్కువ ఉంటే మందు సంగతి డాక్టరు చెబుతారు. ఒక్కదాన్నే పరీక్షకు పంపితే జబ్బుమనిషిని చేసినట్టు ఉంటుంది, ముగ్గురూ వెళితే ఉండదు. రాత్రి పదింటికి వచ్చే ఆ పిల్లను ఉదయాన్నే లేపవద్దు. అయిదు గంటల నిద్రతో పరుగు ఆమెకు మేలు చేయదు. ఆదివారం ఒక్కరోజు ఆమెది అనుకోండి, మిగతా రోజులలో ఆమె రాకపోవడాన్ని లోటుగా లెక్కించకండి.

నెల్లూరు అమ్మాయి విషయం నిదానంగా చెబుతాను, ఎందుకంటే నువ్వు ఎక్కువగా మథనపడుతున్నది ఆమె గురించే. ఉద్యోగం పోయిన మనిషికి చేజారేది జీతం ఒక్కటే కాదు, రోజుకు ఉన్న ఆకారం కూడా పోతుంది. ఎప్పుడు లేవాలి, ఎప్పుడు స్నానం చేయాలి, ఎవరికి కనిపించాలి అన్నవన్నీ అర్థం లేనివైపోతాయి. ఆమె ఇంట్లో ఇంకా చెప్పలేదన్నావు, అంటే ప్రతి ఫోన్‌కాల్‌లోనూ ఉద్యోగం ఉన్నట్టు మాట్లాడవలసి వస్తోంది. అలాంటి స్థితిలో "ఇంతకన్నా మంచిది వస్తుందిలే" అనే మాట ఎంత ప్రేమతో అన్నా పుండు మీద కారం చల్లినట్టే ఉంటుంది. ఆమెను అడగవలసింది చిన్న చిన్న ప్రశ్నలు: "ఈ రోజు ఏం తిన్నావు?", "రెజ్యూమె నేను ఒకసారి చదవనా?", "ఇంట్లో చెప్పేటప్పుడు పక్కన కూర్చోమంటావా?" జవాబు రాకపోతే ఊరుకో, రెండు రోజుల తరువాత మళ్లీ అడుగు. పరుగుకు కట్టవలసిన రుసుము నువ్వు కడతానని అందరి ముందూ అనకు. ఒంటరిగా ఉన్నప్పుడు, తరువాత తిరిగి ఇవ్వవచ్చని చెప్పి అడుగు, వద్దంటే వదిలెయ్. ఆ పరుగులో ఆమె లేకపోయినా మీ నడకలో ఉంటే చాలు.

రేపు ఉదయం ఏడింటికి ఆమె తలుపు తట్టు. "పరిగెత్తనక్కర్లేదు, చెరువు దాకా వచ్చి కూర్చో" అని చెప్పు. వచ్చిన రోజున ఉద్యోగాల ప్రస్తావన నీ అంతట నువ్వు తేవద్దు, ఆమె తెస్తే విను. రెండు వారాలు దాటినా నిద్ర లేకపోవడం, తిండి సయించకపోవడం, దేని మీదా ఆసక్తి లేకపోవడం కనిపిస్తే మీ స్నేహం ఒక్కటే సరిపోతుందని అనుకోకు. 14416కు ఫోన్ చేస్తే టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య సేవ సలహాదారులు తెలుగులో కూడా మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ఈ సేవకు మన బెంగళూరు నిమ్హాన్స్ ముఖ్య కేంద్రం. బతకాలని లేదన్న మాట ఆమె నోట వస్తే ఆ పూట ఆమెను ఒంటరిగా వదలవద్దు, వెంటనే ఆ నంబరుకు ఫోన్ చెయ్, నాకూ చెయ్, ఎంత రాత్రైనా సరే.

మీ వాట్సాప్ గ్రూపులో అడుగుల లెక్కల స్క్రీన్‌షాట్లు, బరువు అంకెలు పెట్టడం ఆపండి. పన్నెండు వేల అడుగుల ఫోటో కింద మూడు వందల అడుగులు వేసిన మనిషి ఏమి రాస్తుంది? ఎవరి ఒంటి గురించీ, లావయ్యారనో చిక్కిపోయారనో వ్యాఖ్యానించవద్దు, మెచ్చుకోలుగా అయినా సరే. దానికి బదులు "చేరాను" అని ఒక్క మాట, చెరువు దగ్గరికి వెళ్లగానే పెట్టండి.

నువ్వు ఇద్దరికీ పెద్దదిక్కు అయిపోవాలని చూస్తున్నావు కానీ, నీ మేనేజరుతో పడుతున్న ఇబ్బంది గురించి వాళ్లకు చెప్పలేదని మీ అమ్మ ద్వారా తెలిసింది. అది వాళ్లకు చెప్పు. ఎప్పుడూ సహాయం తీసుకునే పక్కనే ఉండవలసి రావడం నెల్లూరు అమ్మాయికి భారంగా ఉంటుంది. నీ మాట వినే పని ఇస్తే ఆమె కూడా నీకు ఆసరా అవుతుంది.

సంక్రాంతికి ఊళ్లకు వెళ్లేలోగా ఒక ఆదివారం ముగ్గురూ మా ఇంటికి రండి. గ్రీన్ లైన్‌లో జయనగర స్టేషన్‌లో దిగితే మీ పెదనాన్న వచ్చి తీసుకువస్తారు. పెసరట్లకు పప్పు ముందు రాత్రే నానబెట్టుకోవాలి కనుక శనివారం సాయంత్రంలోగా వస్తున్నదీ లేనిదీ ఫోన్ చేసి చెప్పు.

ఇట్లు,
మీ పెద్దమ్మ