భూమి పంచే ముందు బాట గీయండి

"చిత్తూరు, తిరుపతి పల్లెల్లో మళ్ళీ భూసంస్కరణలు చేయాలంటే దేనితో మొదలుపెట్టాలి?" అని అడిగారు. చాలామంది సీలింగ్, అంటే ఒక కుటుంబం ఉంచుకోగల భూమికి పెట్టిన పరిమితి దగ్గరే ఆగిపోతారు. 1973 చట్టంలో ఆ పరిమితి మాగాణికి 10 నుంచి 27 ఎకరాలు, మెట్టకు 35 నుంచి 54 ఎకరాలు. మా పాకాల పక్క పల్లెలో అంత మెట్ట ఉన్న ఆసామిని నేను చూడనే లేదు. నన్నడిగితే ముందు గీయాల్సింది బాట.

మా అవ్వకు గుట్ట కింద ఎకరా నలభై సెంట్ల డీకేటీ పట్టా, అంటే ప్రభుత్వం పేదలకు పంచే అసైన్డ్ భూమి పట్టా వచ్చింది. తూర్పున గుట్ట, మిగతా మూడు పక్కలా పట్టా భూములు. మొదట్లో ఆ చేలల్లోనుంచే బండి పోయేది, ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు. పక్క రైతు బోరు వేసి చెరకు పెట్టాక కంప అడ్డం కొట్టేశాడు. సరిగ్గా మా చెనిక్కాయలు పెరికి కుప్ప వేసిన రోజులవి. మబ్బు పట్టింది, ట్రాక్టర్ రాలేదు. అవ్వ పాలిథిన్ కవర్లో దాచుకున్న పట్టా తీసుకుని ఆయన దగ్గరికి పోయింది. తొమ్మిదో తరగతి చదువుతున్న నేను వెంట ఉన్నాను. ఆయన అరవలేదు. "అవ్వా, ఇందులో బాట ఎక్కడ రాసుందో చూపించు, ఇప్పుడే కంప తీసేస్తా" అన్నాడు. అవ్వకు చదువు రాదు. కాగితం రెండు పక్కలా నేనే చదివాను. సర్వే నంబరు ఉంది, విస్తీర్ణం ఉంది, నాలుగు హద్దులు ఉన్నాయి. బాట లేదు.

చీకటి పడేదాకా అమ్మ, అవ్వ, నేను గెనిమల మీద, అంటే చేని గట్ల మీద మోపులు మోశాం. సగం రాకముందే వాన పట్టుకుంది, మూడు రోజులు వదల్లేదు. మిగిలిన కాయంతా కుప్పలోనే మొలకెత్తింది.

ఆ రైతును నేను తప్పుపట్టను, అది ఆయన భూమి. బాటకు పోయే సెంట్లకు ఆయనకు డబ్బు కట్టి, సర్వే పటాల పుస్తకం ఎఫ్ఎంబీలో గీత గీశాకే పట్టా ఇచ్చి ఉండాల్సింది. అడ్డులేకుండా 20 ఏళ్ళు నడిస్తే దారి హక్కు వస్తుందని 1882 ఈజ్‌మెంట్ చట్టం చెప్తుంది. కొత్తగా పట్టా వచ్చిన మనిషికి ఆ 20 ఏళ్ళు ఎక్కడివి? అయినా పంపిణీ సభల్లో ఎన్ని ఎకరాలు పంచామనే లెక్కే చెప్తారు, బండి పోతుందా అని ఎవరూ అడగరు. ఈమధ్య రీసర్వేలో డ్రోన్లు ఎగరేసి హద్దురాళ్ళు నాటారు. మా రాయి నాటడానికి సర్వేయరు కూడా గెనిమ మీదే నడిచి వచ్చాడు.

అసైన్డ్ భూముల బదిలీని నిషేధించిన 1977 చట్టం వల్ల ఇన్నాళ్ళూ ఈ భూమిని అమ్ముకోవడానికి లేదు. 2023 సవరణతో 20 ఏళ్ళు దాటిన అసైన్డ్ భూమికి ఆ హక్కు వచ్చింది. బాట లేని చేనును కొంటానని అడిగింది మాత్రం ఆ పక్క రైతు ఒక్కడే, అదీ రోడ్డు పక్క భూమి ధరలో మూడో వంతుకు. అమ్మ ఇవ్వనంది.