రాయి ఎప్పుడు శిల అవుతుంది?

సందేహం: మా అబ్బాయి పాఠంలో “సున్నపురాయి అవక్షేప శిల, పాలరాయి రూపాంతర శిల” అని ఉంది. ఒకే వాక్యంలో రాయి, శిల రెండూ ఎందుకు? ‘రూపాంతరం చెందిన శిల’ అనకుండా ‘రూపాంతర శిల’ అంటే తప్పు కాదా?

సమాధానం: అర్థంలో తేడా లేదండి. శిల సంస్కృతం, రాయి తెలుగు. సున్నపు, ఇసుక, నాప, పాల వంటి వాడుకమాటల పక్కన రాయి ఇమిడిపోతుంది. ‘అవక్షేప రాయి’ అంటే మాత్రం అతుకు తెలిసిపోతుంది.

అవక్షేపంలో ఉన్నది ‘క్షిప్’ ధాతువు, విసరడం అని అర్థం. ‘అవ’ అంటే కిందికి. నీళ్లలో కొట్టుకొచ్చిన ఇసుక, ఒండ్రు, గవ్వల పొడి అడుగుకు చేరి, పొర మీద పొర పడి గట్టిపడితే అవక్షేప శిల. నిక్షేపం, ప్రక్షిప్తం దీని చుట్టాలే.

ఇక రూపాంతరం. ఇక్కడ అంతరం అంటే ‘వేరొక’ అని. గ్రామాంతరం వెళ్లాడంటే వేరే ఊరు వెళ్లాడనే కదా! అలాగే రూపాంతరం అంటే వేరొక రూపం. కాబట్టి రూపాంతర శిల తప్పు కాదు, ‘చెందిన’ లేకపోయినా అర్థమవుతుంది. ‘రూపాంతరంగా మారింది’ అని రాసేవాళ్లున్నారు, నాకు నచ్చనిది అది. మార్పు రెండుసార్లు చెప్పినట్టుంటుంది.

మారడమంటే కరగడం కాదు, ఇది గమనించాలి. భూమి లోపలి వేడికి, ఒత్తిడికి సున్నపురాయి గట్టిగా ఉండగానే అందులోని రేణువులు పెరిగి ఒకదానితో ఒకటి పెనవేసుకుంటాయి. అదే పాలరాయి. పూర్తిగా కరిగి మళ్లీ చల్లబడితే అగ్నిశిల అనాలి. అగ్ని అన్నారు గాని అక్కడ మంటేమీ ఉండదు, కరిగిన రాతిద్రవమే. ఓరుగల్లు గుట్టల గ్రానైట్ అలా లోపలే నిదానంగా చల్లబడ్డది, అందుకే దాని రేణువులు కంటికి కనిపిస్తాయి.

మన వాడుకమాటలు రాయి పుట్టుకను పట్టించుకోవు, పనిని చూస్తాయి. తాండూరు నాపరాయి సున్నపురాయే, పాలరాయి దాకా పోలేదు. మార్కాపురం పలక బురద గట్టిపడి, తర్వాత ఒత్తిడికి రూపం మారిన రాయి. కానీ ‘పలక’ సంస్కృత ‘ఫలకం’ నుంచి వచ్చింది, పిల్లలు రాసుకునే బల్లకు పెట్టిన పేరు.

తెలుగులో రాయికి ఇంకో పాత మాట ‘కల్లు’. ఏకశిలా నగరం అన్నది ఓరుగల్లుకే సంస్కృతం పేరు. పెళ్లిలో తొక్కే సన్నెకల్లులో, ఉప్పుకల్లులో ఉన్నదీ ఆ కల్లే. తాగేది వేరు!