పాఠం చెప్పి గంటలు పోగేయాలా, కేడెట్‌గా చేరాలా?

పైలట్ శిక్షణ గురించి ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిది ఒకటే సందేహం. వాటిలో నాలుగింటికి ఇక్కడ జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ పూర్తి చేశాడు. ఎయిర్‌లైన్ కేడెట్ ప్రోగ్రామ్‌కి (ఎయిర్‌లైన్ ముందే ఎంపిక చేసి ఇప్పించే శిక్షణకి) కోటి పైనే అవుతుందంటున్నారు. మామూలు ఫ్లయింగ్ స్కూల్లో సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్స్) చేసి, కొన్నాళ్లు ఇన్‌స్ట్రక్టర్‌గా పనిచేసి ఎగిరిన గంటలు పోగేసుకుంటే ఎయిర్‌లైన్ వాళ్లే తీసుకుంటారని అమెరికాలో ఉన్న మా బావమరిది సలహా. ఏది మేలు? – ఒక తండ్రి, గుంటూరు

జవాబు: మీ బావమరిది చెప్పింది అమెరికాకి సరిపోయే మాట. అక్కడ ఎయిర్‌లైన్‌లో కో-పైలట్‌గా కూర్చోవాలన్నా సాధారణంగా 1500 గంటలు కావాలి. మన దగ్గర 200 గంటల సీపీఎల్, ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ (బయట కనపడకపోయినా పరికరాలు చూసి ఎగిరే అర్హత), ఆ విమానానికి టైప్ రేటింగ్ (ఆ రకం విమానం నడిపే అర్హత) ఉంటే కో-పైలట్ సీటుకు అర్హత వచ్చినట్టే. 1500 గంటల లెక్క మనకి ఏటీపీఎల్ (ఎయిర్‌లైన్ పైలట్ లైసెన్స్) దగ్గర, అంటే కెప్టెన్ కావడానికి ముందు ఎదురవుతుంది. కాబట్టి ఇక్కడ ఇన్‌స్ట్రక్టర్ పని ఎయిర్‌లైన్‌కి తప్పనిసరి మెట్టు కాదు. సీపీఎల్ చేతికొచ్చాక ఖాళీలు లేని కాలంలో ఎగిరే అలవాటు తప్పకుండా, నాలుగు డబ్బులొచ్చేలా నిలబెట్టే పని అది.

అలాగని దాన్ని తీసిపారేయకండి. సీపీఎల్ వచ్చాక ఉద్యోగం ఏడాది, రెండేళ్లు ఆలస్యం కావడం మామూలే. ఆలోగా మెడికల్ (వైద్య అర్హత), ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ గడువులు తరుముకొస్తాయి. ఇంట్లో కూర్చున్నవాడు సొంత డబ్బుతో గంటలు కొనాలి. అసిస్టెంట్ ఫ్లయిట్ ఇన్‌స్ట్రక్టర్ రేటింగ్ ఉన్నవాడు జీతం తీసుకుంటూ ఎగురుతాడు, ఆ గంటలు పైలట్-ఇన్-కమాండ్ (పీఐసీ, అంటే విమానానికి బాధ్యుడైన పైలట్) ఖాతాలో పడతాయి. అయితే అసిస్టెంట్ స్థాయిలో ఉన్నంతకాలం సీనియర్ పర్యవేక్షణలోనే పనిచేయాలి, విద్యార్థిని మొదటి సోలోకి (ఒంటరిగా ఎగరడానికి) పంపే అధికారం ఉండదు.

ఇక కేడెట్ ప్రోగ్రామ్. ఆ కోటి దేనికి కడుతున్నామో ముందు తెలుసుకోండి. వరుస తెగని శిక్షణ, ఎయిర్‌లైన్ పద్ధతిలో క్రమశిక్షణ, చివర్లో టైప్ రేటింగ్, అన్నీ సవ్యంగా జరిగితే ఉద్యోగం. ఆ చివరి మాటలోనే ఉంది కిటుకు. చాలావరకు అది షరతులతో కూడిన ఆఫర్. సంతకానికి ముందు ఇవి రాతపూర్వకంగా అడగండి: టైప్ రేటింగ్ ఫీజులో కలిసిందా? నిర్ణీత గంటల్లో సోలో కాకపోతే అదనపు గంటల ఖర్చు ఎవరిది? చెక్‌లో (ఎగిరి చూపించే పరీక్షలో) ఎన్నిసార్లు తప్పితే తీసేస్తారు, అప్పటిదాకా కట్టినదాంట్లో ఎంత వెనక్కొస్తుంది? ఎయిర్‌లైన్ చేరికను వాయిదా వేస్తే ఆ నెలల్లో మెడికల్, రేటింగ్ నిలబెట్టే ఖర్చు ఎవరు భరిస్తారు? జవాబు నోటిమాటగా వస్తే అది లేనట్టే లెక్క.

మామూలు స్కూలైతే భవనం, బ్రోషర్ చూడొద్దు. ఎగరగలిగే స్థితిలో ఉన్న విమానాలెన్ని, ఇన్‌స్ట్రక్టర్లెందరు, విద్యార్థులెందరు, గత ఆరు నెలల్లో సగటున ఒక్కో విద్యార్థి నెలకెన్ని గంటలు ఎగిరాడు, ఇవి అడగండి. నెలకి 15 గంటలైతే 200 గంటలకి పదమూడు నెలలు దాటుతుంది. 8 గంటలైతే పాతిక నెలలు. వానాకాలం, ఉత్తరాదిన చలికాలపు పొగమంచు ఈ లెక్కలో కలిసే ఉంటాయి. ఆలస్యమైనకొద్దీ మరిచిపోయినదాన్ని మళ్లీ నేర్చుకునే గంటలకి అదనంగా కట్టాలి. చవక స్కూలు ఖరీదయ్యేది అక్కడే.

ఏ దారైనా సరే, క్లాస్-2, ఆపైన క్లాస్-1 మెడికల్ తేలకుండా పెద్ద మొత్తం కట్టకండి. డీజీసీఏ (మన పౌర విమానయాన నియంత్రణ సంస్థ) పరీక్షల్లో ఒక్కో పేపర్‌కి 70 శాతం రావాలి. ఎగరడం మొదలుపెట్టేలోపే నావిగేషన్, మెటియరాలజీ, రెగ్యులేషన్స్ గట్టెక్కితే మనసు విమానం మీద ఉంటుంది. మా అభిప్రాయం అడిగితే, ఎంపికలో నెగ్గి, అప్పు లేకుండా లేదా ఇల్లు తాకట్టు పెట్టకుండా కట్టగలిగితే కేడెట్. లేకపోతే మంచి స్కూల్లో సీపీఎల్, వెంటనే ఇన్‌స్ట్రక్టర్ రేటింగ్. ఇల్లు తాకట్టు పెట్టి మాత్రం షరతుల ఆఫర్ కొనొద్దు.

ప్రశ్న: మా అమ్మాయి ఇక్కడే పుట్టింది, అమెరికా పౌరురాలు. 250 గంటలతో కమర్షియల్ లైసెన్స్ వచ్చింది. ఇన్‌స్ట్రక్టర్ పని చేయకుండా ఫాస్ట్ ట్రాక్‌లో నేరుగా ఎయిర్‌లైన్‌కి వెళ్లే వీలుందా? – ఒక తల్లి, డల్లాస్

జవాబు: లేదు. అక్కడ ఫాస్ట్ ట్రాక్ అని అమ్మేది మిమ్మల్ని త్వరగా కమర్షియల్, ఇన్‌స్ట్రక్టర్ లైసెన్సుల దాకా తెస్తుంది, అంతే. మిగతా 1250 గంటల్ని ఏ కోర్సూ మింగేయలేదు. 2009 ఫిబ్రవరి 12న బఫెలో దగ్గర కల్గన్ ఎయిర్ 3407 కూలి 50 మంది చనిపోయాక, 2010లో చట్టం వచ్చి, 2013 నుంచి ఈ నిబంధన అమల్లో ఉంది. ఆ విమానంలో ఇద్దరు పైలట్లకీ 1500 గంటలకు పైనే ఉన్నాయన్నది వేరే సంగతి. మినహాయింపులు కొన్నే: గుర్తింపు పొందిన విశ్వవిద్యాలయంలో నిర్ణీత ఏవియేషన్ కోర్సులతో బ్యాచిలర్స్ చేస్తే 1000, అసోసియేట్ డిగ్రీ అయితే 1250, సైన్యంలో పైలట్‌గా చేసినవారికి 750. మీ అమ్మాయి డిగ్రీ దానికి సరిపోతుందేమో ముందు చూడండి. 500 గంటలంటే చిన్న విషయం కాదు.

నెలకి 75 గంటలు పాఠం చెబితే 1250 గంటలకి సుమారు పదిహేడు నెలలు. అయితే 1500 నిండినా అర్హత రానివాళ్లుంటారు. లోపలి లెక్కలు కూడా నిండాలి: క్రాస్ కంట్రీ (ఎయిర్‌పోర్ట్ వదిలి దూరం వెళ్లడం) 500, రాత్రి 100, ఇన్‌స్ట్రుమెంట్ (పరికరాలు చూసి ఎగరడం) 75, మల్టీ ఇంజన్ (ఒకటికి మించి ఇంజన్లున్న విమానం) 50.

ఎక్కువమంది ఇరుక్కునేది ఇన్‌స్ట్రుమెంట్ దగ్గర. విద్యార్థి బయటికి కనపడకుండా కళ్లకి హుడ్ పెట్టుకుని ఎగిరితే ఆ సమయం విద్యార్థిది, పక్కన కూర్చున్న ఇన్‌స్ట్రక్టర్‌ది కాదు. నిజంగా మేఘంలో ఉంటేనే ఇన్‌స్ట్రక్టర్ రాసుకోవచ్చు. ఎండలు కాసే రాష్ట్రంలో పాఠాలు చెబితే ఏడాది గడిచినా ఈ గడి కదలదు. అందుకే ఇన్‌స్ట్రుమెంట్ పాఠాలు చెప్పే రేటింగ్‌ని వెంటనే తీసుకోవాలి. అది ఉంటే మబ్బు పట్టిన రోజు కూడా పని దొరుకుతుంది.

క్రాస్ కంట్రీకి మాత్రం ఏటీపీ (అమెరికాలో ఎయిర్‌లైన్ పైలట్ లైసెన్స్) నిబంధన ఉదారంగా ఉంటుంది. బయలుదేరిన చోటు నుంచి సూటిగా 50 నాటికల్ మైళ్లు దాటితే చాలు, అక్కడ దిగనక్కర్లేదు. ఎయిర్‌పోర్ట్ చుట్టూ ల్యాండింగులు చేయిస్తూ ఉంటే మాత్రం ఈ గడిలో ఒక్క గంటా పడదు. రాత్రి విషయంలో, 20 ఫుల్ స్టాప్ (విమానం పూర్తిగా ఆగే) ల్యాండింగుల తర్వాత చేసే ఒక్కో ల్యాండింగ్‌ని ఒక గంటగా, 25 గంటల దాకా లెక్క వేసుకోవచ్చు. మల్టీ ఇంజన్‌లో 25 గంటల దాకా ఆమోదం పొందిన కోర్సులో సిమ్యులేటర్ మీద నింపుకోవచ్చు.

చివరగా ఏటీపీ పరీక్షకి ముందు ఏటీపీ-సీటీపీ అనే సన్నాహక కోర్సు తప్పనిసరి: 30 గంటల తరగతి, 10 గంటల సిమ్యులేటర్.

తొందరపడే కోర్సుల్లో ఇంకో ప్రమాదం. సిద్ధం కాకముందే చెక్‌రైడ్‌కి (లైసెన్స్ కోసం ఎగిరి చూపించే పరీక్షకి) పంపిస్తారు. తప్పితే ఆ రికార్డు చెరగదు, ఎయిర్‌లైన్ ఇంటర్వ్యూలో అడుగుతారు. రెండు వారాలు ఆలస్యంగా వెళ్లి ఒక్కసారిలో పాసవడమే చవక.

ప్రశ్న: మా తమ్ముడు అమెరికాలో లైసెన్స్ చేస్తున్నాడు. అక్కడే ఇన్‌స్ట్రక్టర్‌గా చేసి గంటలతో తిరిగి రావాలని ఆలోచన. – కరీంనగర్ పాఠకురాలు

జవాబు: వీసా ఏదన్నది చూడండి. ఎం-1 (వృత్తివిద్య వీసా) అయితే కోర్సు ముగిశాక నాలుగు నెలల చదువుకి ఒక నెల చొప్పున, గరిష్ఠంగా ఆరు నెలలే శిక్షణ పని. ఎఫ్-1 (విద్యార్థి వీసా) అయితే ఓపీటీ (చదువుకి సంబంధించిన పని అనుమతి) కింద 12 నెలలు. నెలకి 70 గంటలైతే ఎఫ్-1లో 840 వస్తాయి. పని అనుమతి కార్డు చేతికి రాకముందు ఒక్క గంట కూడా జీతానికి చెప్పకూడదు.

ఇండియాలో లైసెన్స్ మార్చుకునేటప్పుడు లాగ్‌బుక్ దగ్గర తలనొప్పి వస్తుంది. డీజీసీఏకి 100 గంటల పీఐసీ, 300 నాటికల్ మైళ్ల క్రాస్ కంట్రీలో రెండు వేర్వేరు చోట్ల ఫుల్ స్టాప్, పీఐసీగా 5 గంటల రాత్రి ఎగరడం, అందులో 10 టేకాఫ్‌లు, 10 ల్యాండింగులు కావాలి. అమెరికాలో రాత్రి భాగాన్ని పక్కన ఇన్‌స్ట్రక్టర్‌తో కూడా ముగించవచ్చు. అలా చేసినవాళ్లు ఇక్కడికొచ్చి మళ్లీ డబ్బు కట్టి ఎగరాల్సి వస్తుంది. సేఫ్టీ పైలట్‌గా (హుడ్ పెట్టుకున్న పైలట్ పక్కన కూర్చుని బయట చూసేవాడిగా) రాసుకున్న గంటల మీద కూడా ఆశ పెట్టుకోవద్దు. డీజీసీఏ అడిగేవన్నీ అక్కడున్నప్పుడే సోలోగా చేసేయమనండి. ఎఫ్‌ఏఏ (అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ) నుంచి లైసెన్స్ ధ్రువీకరణకి దరఖాస్తు కూడా బయలుదేరేముందే పెట్టాలి.

ప్రశ్న: నేను మితభాషిని. ఇన్‌స్ట్రక్టర్ పనికి పనికొస్తానా? – సీపీఎల్ విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: గాల్లో ఎక్కువ మాట్లాడే ఇన్‌స్ట్రక్టరే విద్యార్థికి ఇబ్బంది. నేల మీద పదిహేను నిమిషాలు బోర్డు మీద గీసి చెప్పి, పైన మూడు ముక్కల్లో గుర్తు చేయగలిగితే చాలు. కంట్రోల్ ఎవరి చేతిలో ఉందో మాత్రం ప్రతిసారీ పైకి చెప్పి, ఎదుటివాళ్ల నోటితో తిరిగి వినాలి. దిగేటప్పుడు ఎంతవరకు విద్యార్థిని తప్పు చేయనివ్వాలన్నది అసలు కష్టం. ముందే లాక్కుంటే నేర్చుకోరు, ఆలస్యం చేస్తే విమానం రన్‌వేని గట్టిగా గుద్దుకుంటుంది. కోర్సులో చేరే ముందు కుడి సీట్లో పది గంటలైనా ఎగరండి. అక్కడినుంచి విమానం ముక్కు మధ్యభాగాన్ని రన్‌వే గీతతో కలపబోతే వంకరగా దిగుతుంది. మీ కళ్లకి సూటిగా ఎదురుగా ఇంజన్ మూత (కౌలింగ్) మీద ఒక చోటు గుర్తు పెట్టుకుని దాన్ని పట్టుకోండి.